నవ్వు ఎవరి శ్రమ? – అమెరికన్ టెలివిజన్‌లో సమష్టి హాస్యనటన పురస్కారం చరిత్ర

కళారంగంలో బహుమతుల చరిత్ర చాలావరకు వ్యక్తుల చరిత్ర. ఉత్తమ నటుడు, ఉత్తమ నటి, ఉత్తమ సహాయ నటుడు – ఒక్కొక్కరినే వేదిక మీదికి పిలుస్తారు, ఒక్కొక్కరికే దండ వేస్తారు. పదిమంది కలిసి చేసిన పనిని ఒకరి ఖాతాలో జమ కట్టే ఈ అలవాటు చాలా పాతది. పాతది కావడం వల్లనే అందులోని అసంగత్వం మనకు తోచదు. నాటకం, సినిమా, టెలివిజన్ వంటి సమష్టి కళల్లో ఈ అలవాటు కళ స్వభావానికే విరుద్ధం. హాస్యం విషయంలో మరీ విరుద్ధం. దుఃఖాన్ని ఒక నటుడు రంగం మీద ఒంటరిగా నిలబడి పండించగలడేమో గాని, నవ్వు పుట్టాలంటే మాట విసిరేవాడు, దాన్ని అందుకునేవాడు, అర్థంకాక తెల్లమొహం వేసేవాడు కావాలి. ‘కన్యాశుల్కం’లో గిరీశం ఎంత మాటకారి అయినా ఎదురుగా వెంకటేశం లేకపోతే ఆ మాటల్లో సగం గాలికి పోయేవే.

మన నాటక పరిషత్తుల పోటీల్లో ఉత్తమ నటుడి బహుమతితో పాటు ఉత్తమ ప్రదర్శనకు కూడా ఒక బహుమతి వుంటుంది. అది నాటక సమాజానికి చెందుతుంది. తారల ఆరాధన మీద బతికే అమెరికన్ వినోద పరిశ్రమలో కూడా బృందానికి బహుమతి ఒకటి పుట్టింది. దాన్ని ఇస్తున్నది ప్రభుత్వమూ కాదు, నిర్మాతల సంస్థా కాదు. నటుల కార్మిక సంఘం. ఆ సంఘం పేరు స్క్రీన్ యాక్టర్స్ గిల్డ్. 1995 ఫిబ్రవరి 25న జరిగిన మొదటి సభలో, హాస్య ధారావాహికలో సమష్టి నటనకుగాను ‘సైన్‌ఫెల్డ్’ బృందానికి ఆ బహుమతి దక్కింది. అప్పటినుంచి ఏటా ఇస్తున్నారు.

ఈ పురస్కారం చరిత్ర మనకు ఒక ప్రశ్న వేస్తుంది. ఒక పని అందరూ కలిసి చేశారని ఒప్పుకోవడం వేరు. ఆ పని మీద వచ్చిన ఫలితాన్ని అందరికీ పంచడం వేరు. ఈ రెంటి మధ్య దూరం ఎంత? ఆ దూరాన్ని ఎవరు, ఏ మేరకు తగ్గించారు? ముప్ఫయి ఏళ్ళ విజేతల పట్టికను ఈ ప్రశ్న చేతబట్టుకుని చదివితే, అది వట్టి పేర్ల జాబితాగా మిగలదు.

యజమానుల బహుమతి, సంఘం బహుమతి

బహుమతులకూ కార్మిక సంఘాలకూ అమెరికన్ సినిమారంగంలో మొదటినుంచీ వైరం వుంది. ఆస్కార్ బహుమతులు ఇచ్చే అకాడమీ 1927లో ఏర్పడింది. దాని వెనుక వున్న ముఖ్యుడు ఎం.జి.ఎం. స్టూడియో అధిపతి లూయీ బి. మేయర్. నటులూ రచయితలూ దర్శకులూ సొంత సంఘాలు పెట్టుకోకుండా, వాళ్ళ తగాదాలన్నీ యజమానులు కూడా సభ్యులుగా వున్న ఒకే సంస్థలో తీరిపోవాలన్నది ఆ ఏర్పాటులోని ఉద్దేశాల్లో ఒకటి. బహుమతులు తర్వాత వచ్చాయి.

1933లో, ఆర్థిక సంక్షోభం ముదిరిన రోజుల్లో, స్టూడియోలు జీతాల్లో సగం దాకా కోత పెట్టాయి. అకాడమీ కార్మికుల పక్షాన నిలబడే సంస్థ కాదని ఆ కోతతో తేలిపోయింది. ఆ ఏడాదే నటులు తమ గిల్డ్‌ను స్థాపించుకున్నారు. దాని రెండవ అధ్యక్షుడు ఎడ్డీ కాంటర్ – రంగస్థలం నుంచి వచ్చిన హాస్యనటుడు. 1936లో ఆస్కార్ సభకు వెళ్ళవద్దని సంఘాలు సభ్యులకు పిలుపునిచ్చాయి. ‘ది ఇన్‌ఫార్మర్’ చిత్రరచనకు బహుమతి వచ్చిన డడ్లీ నికల్స్, రచయితల సంఘం పోరాటంలో వుండగా దాన్ని తీసుకోనని తిప్పి పంపాడు. ఆస్కార్‌ను నిరాకరించిన మొదటి వ్యక్తి ఒక రచయిత అన్న సంగతి మనం గుర్తుంచుకోదగ్గది. 1937లో, సమ్మెకు సభ్యులు సిద్ధమయ్యాక, స్టూడియోలు గిల్డ్‌ను గుర్తించి ఒప్పందం మీద సంతకాలు పెట్టాయి.

టెలివిజన్ రంగంలోనూ ఈ వైరం సాగింది. 1980 జూలైలో, వీడియో క్యాసెట్ల మీదా చందా టెలివిజన్ మీదా వచ్చే ఆదాయంలో వాటా కోసం నటులు సమ్మె చేశారు. ఆ సెప్టెంబరులో జరిగిన ఎమ్మీ బహుమతుల సభను గిల్డ్ బహిష్కరించింది. బహుమతి పొందిన నటీనటుల్లో సభకు వచ్చి తీసుకున్నవాడు పవర్స్ బూత్ ఒక్కడే.

అంటే బహుమతి సభకు వెళ్ళకపోవడం ఈ సంఘానికి ఒక పోరాట రూపం. అలాంటి సంఘం సొంతంగా ఏటా బహుమతులు ఇవ్వడం మొదలుపెట్టింది తాను పుట్టిన అరవై ఏళ్ళకు పైగా గడిచాక. 1962లో ఎడ్డీ కాంటర్‌తో మొదలుపెట్టి జీవితకాల సేవకు ఒక పురస్కారం ఇస్తూ వచ్చింది గాని, ఏడాది ఏడాదికీ నటనను తూచే పని మాత్రం 1995 దాకా పెట్టుకోలేదు.

హాస్యం సమష్టి అయిన తీరు

టెలివిజన్ హాస్యం రూపం ఎలా ఏర్పడిందో చూస్తే ఈ బహుమతి అవసరం తెలుస్తుంది. 1951లో మొదలైన ‘ఐ లవ్ లూసీ’ని ఆహూతులైన ప్రేక్షకుల ముందు, మూడు సినిమా కెమెరాలతో ఒకేసారి చిత్రీకరించారు. జర్మనీలో మూకీ చిత్రాల కాలంనుంచి పేరుపొందిన ఛాయాగ్రాహకుడు కార్ల్ ఫ్రాయిండ్ ఆ పద్ధతికి దీపాల అమరిక సమకూర్చాడు. ఈ సాంకేతిక ఏర్పాటుకు నటనతో నేరుగా సంబంధం వుంది. ఒక్క కెమెరా వున్నప్పుడు మాట్లాడేవాడి ముఖమే చిత్రంలో వుంటుంది. వినేవాడి ముఖాన్ని మరోసారి, మరోచోట తీయాలి. మూడు కెమెరాలు ఒకేసారి తిరుగుతుంటే, మాట అన్న క్షణంలోనే విన్నవాడి ముఖమూ దొరుకుతుంది. ఎదురుగా కూర్చున్న ప్రేక్షకుల నవ్వు ఆగేదాకా నలుగురు నటులూ కలిసి నిలబడాలి. లూసిల్ బాల్ ఎంత మహానటి అయినా, పక్కన వివియన్ వాన్స్, విలియం ఫ్రాలీ, డెసీ ఆర్నాజ్ లేకుండా ఆ నవ్వు లేదు. అయితే ఆ చిత్రాల యాజమాన్యం బాల్, ఆర్నాజ్ దంపతుల కంపెనీది. వాన్స్, ఫ్రాలీ జీతానికి పనిచేసిన నటులు. నవ్వు నలుగురిది, ఆస్తి ఇద్దరిది.

తర్వాతి రెండు మూడు దశాబ్దాల్లో హాస్య ధారావాహిక ఇంటినుంచి పనిచేసే చోటికీ, సారాయి దుకాణానికీ, నడివీధికీ వచ్చింది. ‘మేరీ టైలర్ మూర్ షో’, ‘మాష్’, ‘చీర్స్’ – వీటిలో కథానాయకుడు వుంటాడు గాని నవ్వు బృందంలోనుంచి వస్తుంది. బహుమతుల పద్ధతి మాత్రం మారలేదు. ‘మేరీ టైలర్ మూర్ షో’లో ఒకే వార్తా కార్యాలయంలో పనిచేసే పాత్రలు వేసిన ఎడ్ యాస్నర్, టెడ్ నైట్ ఒకే ఎమ్మీ విభాగంలో పోటీపడుతూ వేర్వేరు సంవత్సరాల్లో గెలిచారు. ‘ది గోల్డెన్ గర్ల్స్’ కథ ఇంకా స్పష్టం. ఒకే ఇంట్లో వుండే నలుగురు వృద్ధ స్త్రీల కథ అది. 1986లో అందులోని ముగ్గురు నటీమణులు ఒకే విభాగంలో ఒకరి మీద ఒకరు పోటీకి నిలిచారు. బెటీ వైట్ 1986లో, రూ మెక్లానహన్ 1987లో, బీ ఆర్థర్ 1988లో ఉత్తమ నటి బహుమతి తీసుకున్నారు. ఎస్టెల్ గెటీకి 1988లో సహాయ నటి బహుమతి వచ్చింది. నలుగురు కలిసి చేసిన ఒక్క పనికి మూడేళ్ళలో నాలుగు వేర్వేరు బొమ్మలు! ఎవరికీ అన్యాయం జరగలేదని అనుకోవచ్చు. కాని వాళ్ళు చేసిన అసలు పనికి, అంటే ఒకరికొకరు ఆసరాగా నిలబడి కట్టిన ఆటకు, ఆ పద్ధతిలో పేరే లేదు.

పేరు లేకపోవడం ఎంతదాకా వెళ్ళగలదో చెప్పడానికి మరో వుదాహరణ చాలు. 1964లో మొదలైన ‘గిలిగన్స్ ఐలండ్’లో దీవిలో చిక్కుకున్నవాళ్ళు ఏడుగురు. మొదటి ఏడాది ప్రారంభ గీతంలో అయిదుగురిని విడివిడిగా పేర్కొని, రసెల్ జాన్సన్, డాన్ వెల్స్ వేసిన పాత్రలు రెంటినీ కలిపి ‘మిగిలినవాళ్ళు’ అన్న అర్థంలో దాటవేశారు. కథానాయకుడు బాబ్ డెన్వర్ పట్టుబట్టడం వల్ల రెండో ఏడు ఆ రెండు పాత్రలకూ పాటలో చోటు దొరికిందని ప్రసిద్ధి. ఒక్క పల్లవిలో పేరు కోసం కూడా తోటి నటుడు నిలబడవలసి వచ్చింది.

1995: పురస్కారం పుట్టుక

గిల్డ్ పురస్కారాల్లో రెండు సంగతులు గమనించాలి. ఒకటి, ఎంపిక పద్ధతి. సభ్యుల్లోంచి 2,000కు పైగా మందిని లాటరీ పద్ధతిలో తీసి, పోటీలో నిలిచే పేర్లను వాళ్ళచేత ఎంపిక చేయిస్తారు. తర్వాత తుది ఓటు సంఘ సభ్యులది. ఆ సభ్యుల్లో చాలామంది ఏడాది పొడుగునా నటన మీద బతకలేనివాళ్ళు. హోటళ్ళలో వడ్డిస్తూ, కార్లు తోలుతూ పిలుపు కోసం ఎదురుచూసేవాళ్ళు. అందువల్ల ఇది శ్రమ తెలిసినవాళ్ళు శ్రమను తూచే తూకం. విమర్శకుల బహుమతికీ, ప్రేక్షకుల బహుమతికీ లేని విలువ దీనికి ఇక్కడ వస్తుంది.

రెండోది, సమష్టి బహుమతి మొదట టెలివిజన్‌కే వచ్చింది. 1995 నాటి మొదటి సభలో టెలివిజన్‌లో నాటకీయ ధారావాహికకు ఒకటి, హాస్య ధారావాహికకు ఒకటి ఇచ్చారు. మొదటిది ‘ఎన్.వై.పి.డి. బ్లూ’ బృందానికి వెళ్ళింది. సినిమా తారాగణానికి బహుమతి ఆ ఏడాది లేదు. మరుసటి ఏడు ‘అపోలో 13’తో మొదలైంది. సినిమా తార చుట్టూ తిరిగే కళ కాగా, టెలివిజన్ ధారావాహిక వారం వారం ఒకే బృందం కలిసి పనిచేసే కళ కావడం ఇందుకు ఒక కారణమై వుండాలి.

విజేతల వరస ఇదీ. 1994 సంవత్సరానికి ‘సైన్‌ఫెల్డ్’, 1995కు ‘ఫ్రెండ్స్’, 1996, 1997లకు మళ్ళీ ‘సైన్‌ఫెల్డ్’, ఆ తర్వాత ‘ఆలీ మెక్‌బీల్’, ‘ఫ్రేజియర్’, ‘విల్ అండ్ గ్రేస్’, ‘సెక్స్ అండ్ ద సిటీ’, ‘ఎవ్రీబడీ లవ్స్ రేమండ్’, తిరిగి ‘సెక్స్ అండ్ ద సిటీ’. 2004, 2005లకు ‘డెస్పరేట్ హౌస్‌వైవ్స్’. 2006, 2007లకు ‘ది ఆఫీస్’. తర్వాత ‘30 రాక్’, ‘గ్లీ’. 2010 నుంచి 2013 దాకా వరసగా నాలుగేళ్ళు ‘మోడర్న్ ఫ్యామిలీ’. తర్వాత మూడేళ్ళు ‘ఆరెంజ్ ఈజ్ ద న్యూ బ్లాక్’. 2017కు ‘వీప్’, 2018, 2019లకు ‘ది మార్వెలస్ మిసెస్ మైసెల్’, 2020కి కెనడాలో తీసిన ‘షిట్స్ క్రీక్’, 2021కి ‘టెడ్ లాసో’, 2022కు ‘ఆబట్ ఎలిమెంటరీ’, 2023కు ‘ది బేర్’, 2024కు ‘ఓన్లీ మర్డర్స్ ఇన్ ద బిల్డింగ్’.

ఈ వరసలో యాజమాన్యాల చరిత్ర కూడా వుంది. మొదటి 20 బహుమతుల్లో 18 ఉచిత ప్రసార సంస్థల ధారావాహికలకు వెళ్ళాయి. మిగిలిన రెండూ చందా కేబుల్ సంస్థ హెచ్.బి.ఓ.వి. తర్వాతి 11 బహుమతుల్లో అమెరికన్ ఉచిత ప్రసార సంస్థకు వచ్చింది ఒక్కటే – ‘ఆబట్ ఎలిమెంటరీ’. తక్కినవన్నీ చందా కేబుల్, ఇంటర్నెట్ ప్రసార సంస్థలకు వెళ్ళాయి. ఈ మార్పు నటుడి కూలిని ఎలా దెబ్బతీసిందో ముందు చూస్తాం.

గౌరవం కూలిగా మారిన సందర్భాలు

సమష్టి నటన అన్న మాటను కొందరు విజేతలు వేదిక మీదినుంచి దించి జీతాల బేరం దాకా తీసుకుపోయారు. ఈ చరిత్రలో అత్యంత ముఖ్యమైన ఘట్టం ఇదే.

1996లో ‘ఫ్రెండ్స్’ బృందం ఈ బహుమతి తీసుకుంది. ఆ ధారావాహికలో ఆరుగురు. పేర్లు తెర మీద అక్షరక్రమంలో వచ్చేవి. అందరూ సమానమన్న భావం పైకి కనిపించేది గాని, రెండో ఏటికల్లా జీతాల్లో తేడాలు వచ్చాయి. కొందరికి ఎక్కువ, కొందరికి తక్కువ. 1996 వేసవిలో ఆరుగురూ కలిసి, అందరికీ ఒకే జీతం ఇస్తేనే పనిచేస్తామని నిర్మాణ సంస్థ ముందు నిలబడ్డారు. ఈ ఆలోచన చేసినవాడు డేవిడ్ ష్విమ్మర్. అప్పటికి ఎక్కువ జీతం తీసుకుంటున్నవాళ్ళలో అతనొకడు. తనకు దక్కే ఎక్కువను వదులుకుని అతను ఆ మాట అన్నాడు. మూడో ఏటికి ఒక్కొక్కరికీ భాగానికి 75,000 డాలర్ల చొప్పున ఒప్పందం కుదిరింది. 2002 నాటికి అది 10 లక్షల డాలర్లయింది.

‘సైన్‌ఫెల్డ్’ కథ మరో రకం. 1997లో జేసన్ అలెగ్జాండర్, జూలియా లూయీ-డ్రైఫస్, మైకేల్ రిచర్డ్స్ ముగ్గురూ కలిసి బేరమాడి భాగానికి 6 లక్షల డాలర్ల దాకా సాధించారు. అయితే ధారావాహిక ఆగిపోయాక ఏళ్ళ తరబడి పునఃప్రసారాల మీద వచ్చే లాభాల్లో యాజమాన్యపు వాటా సృష్టికర్తలైన జెర్రీ సైన్‌ఫెల్డ్, లారీ డేవిడ్‌లకు వుంది, ఈ ముగ్గురికీ లేదు. 2004లో డిస్కుల విడుదల సందర్భంగా, తమకు న్యాయమైన చెల్లింపు లేకుండా పాల్గొనమని ముగ్గురూ మొదట నిరాకరించవలసి వచ్చింది. సమష్టి నటనకు మూడుసార్లు బహుమతి పొందిన బృందం, ఆస్తి దగ్గరికి వచ్చేసరికి రెండుగా చీలింది.

2012లో ‘మోడర్న్ ఫ్యామిలీ’ పెద్ద నటులు అయిదుగురు, తమ ఒప్పందాలు కాలిఫోర్నియా చట్టానికి విరుద్ధమని నిర్మాణ సంస్థ మీద కోర్టుకు వెళ్ళారు. కొత్త భాగం రచనను కలిసి చదువుకునే మొదటి సమావేశానికి రాలేదు. వాళ్ళకన్నా ఎక్కువ జీతం వున్న ఎడ్ ఓనీల్ కూడా వాళ్ళతో కలిశాడు. కొద్ది రోజుల్లోనే సంస్థ దిగివచ్చింది.

లక్షల డాలర్లు తీసుకునేవాళ్ళ ఐకమత్యాన్ని కార్మిక ఐక్యత అనవచ్చునా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. వీళ్ళు బేరమాడింది ఆరుగురి కోసం, ముగ్గురి కోసం. మొత్తం సంఘం కోసం కాదు. అయినా ఈ ఘటనల్లో ఒక సత్యం వుంది. ఎక్కువ వున్నవాడు తక్కువ వున్నవాడి పక్కన నిలబడ్డప్పుడే బేరం గెలిచింది. విడివిడిగా పిలిచి మాట్లాడటం యాజమాన్యానికి ఎప్పుడూ లాభం. సమష్టి నటనలో వున్న పరస్పర ఆధారమే ఇక్కడ పరస్పర బలమయింది.

రచయితలకు సంబంధించిన ఘట్టం కూడా ఒకటి చెప్పాలి. 2007 నవంబరులో అమెరికన్ రచయితల సంఘం సమ్మెకు దిగింది. నటులు రచయితల కాపలా గీతను దాటి రామన్నందున, 2008 జనవరిలో గోల్డెన్ గ్లోబ్ సభ రద్దయి, పేర్లు విలేకరుల సమావేశంలో చదివి ముగించవలసి వచ్చింది. అదే నెల 27న జరిగిన గిల్డ్ సభకు మాత్రం రచయితల సంఘం అనుమతి ఇచ్చింది. తోటి సంఘం సభ కనుక. ఆ రాత్రి హాస్య బహుమతి తీసుకున్నది ‘ది ఆఫీస్’ బృందం. ఆ బృందంలో మిండీ కేలింగ్, బి.జె. నోవాక్, పాల్ లీబర్‌స్టీన్ నటులే కాదు, ఆ ధారావాహిక రచయితలు కూడా. రాసేవాడు, ఆడేవాడు అన్న విభజన అక్కడ చెరిగిపోయింది.

బృందంలో ఎవరు?

ఇప్పుడు కష్టమైన ప్రశ్న. సమష్టి అంటే ఎంతమంది? ఈ పురస్కారంలో బృందం అంటే ప్రధాన పాత్రధారులుగా పేరు పడేవాళ్ళు. సినిమా విభాగంలో తెర మీద విడి పలకగా పేరు పడ్డవాళ్ళే తారాగణం. ఆ పలక ఎవరికి దక్కాలో తేలేది నటనలో కాదు, ఒప్పందపు బేరంలో. అంటే నిర్మాణ సంస్థ గీసిన గీతనే సంఘం తన గీతగా తీసుకుంటున్నది. ఒక్క భాగంలో వచ్చి ఒక్క మాటతో సభంతా నవ్వించి పోయిన నటుడు ఆ గీతకు బయట. వెనుక బల్లల దగ్గర కూర్చుని రోజంతా టీ తాగుతున్నట్టు నటించే గుంపు మనుషులు మరీ బయట. ఈ గుంపు నటులు 1992లోగాని గిల్డ్ పరిధిలోకి రాలేదు. ప్రమాద దృశ్యాల్లో ఒళ్ళు విరుచుకునే స్టంట్ బృందాలకు బహుమతి 2008 సభతో మొదలైంది.

గీత మరో వైపునుంచి కూడా కనిపిస్తుంది. ‘సైన్‌ఫెల్డ్’, ‘ఫ్రెండ్స్’, ‘ఫ్రేజియర్’, ‘విల్ అండ్ గ్రేస్’, ‘రేమండ్’ – వీటన్నిటిలో ప్రధాన పాత్రధారులందరూ తెల్లవాళ్ళే. న్యూయార్క్ వంటి బహుజాతుల నగరంలో జరిగే కథల్లో కూడా అంతే. స్నేహబృందం అన్న ఊహ ఎంత ఆప్యాయంగా వున్నా, దాని తలుపు ఎవరికి తెరిచారన్నది విమర్శకుడు అడిగి తీరవలసిన ప్రశ్న.

ఆ తలుపును బద్దలుకొట్టింది ‘ఆరెంజ్ ఈజ్ ద న్యూ బ్లాక్’. ఆడవాళ్ళ జైలు కథ. నల్లజాతి, లాటిన్, ఆసియా సంతతి స్త్రీలు, వయసు మళ్ళినవాళ్ళు, అంతకుముందు పేరు లేని నటీమణులు పెద్ద సంఖ్యలో వున్న బృందం. 2015, 2016, 2017 సభల్లో మూడుసార్లు వరసగా గెలిచినప్పుడు వేదిక పట్టనంతమంది స్త్రీలు ఎక్కి నిలబడ్డారు. ఇది హాస్యమా కాదా అన్న వివాదం కూడా లేచింది. ఎమ్మీ నిర్వాహకులు 2015లో దాన్ని నాటకీయ విభాగంలోకి మార్చారు; గిల్డ్ సభ్యులు మాత్రం హాస్య విభాగంలోనే గెలిపిస్తూ వచ్చారు. వంటశాల శ్రమను చూపించే ‘ది బేర్’ గెలిచినప్పుడూ ఇదే వాదన వచ్చింది. శ్రమజీవుల కథల్లో ఏడుపునూ నవ్వునూ వేరుచేసి రెండు పెట్టెల్లో సర్దడం కష్టం కనుకనే ఈ తగువు వస్తున్నదని నాకు తోస్తుంది.

అయితే ఆ మూడు బహుమతుల వెనుక సంగతి తర్వాత బయటికి వచ్చింది. ఆ బృందంలోని కిమికో గ్లెన్ అనే నటి 2020లో తనకు వచ్చిన విదేశీ ప్రసారపు చెల్లింపు కాగితాన్ని వీడియోలో చూపించింది. మొత్తం 27 డాలర్ల 30 సెంట్లు. ప్రపంచమంతా చూసిన ధారావాహికలో పేరున్న నటి ఆమె. 2023లో అదే బృందంలోని మరికొందరు, ధారావాహిక కీర్తి శిఖరాన వున్నప్పుడు కూడా బతుకుతెరువు కోసం మరో వుద్యోగం వదులుకోలేకపోయామని పత్రికలకు చెప్పారు.

దీనికి కారణం పునఃప్రసార చెల్లింపు పద్ధతిలో వుంది. పాత పద్ధతిలో ఒక భాగాన్ని మళ్ళీ ప్రసారం చేసినప్పుడల్లా నటుడికి కొంత రావాలి. టెలివిజన్‌లో ఈ చెల్లింపు మొదట కొన్ని పునఃప్రసారాలకే పరిమితం. ఎన్నిసార్లు వేసినా ఇవ్వాలన్న నియమం గిల్డ్ 1974లో సాధించింది. సినిమాలను టెలివిజన్‌లో వేసినప్పటి చెల్లింపు కోసం 1960లో సమ్మె చేసింది. ఇంటర్నెట్ ప్రసారంలో ‘మళ్ళీ వేయడం’ అన్నదే లేదు. భాగాలన్నీ ఎప్పుడూ అక్కడే వుంటాయి. ఎంతమంది చూశారో సంస్థకే తెలుసు. లెక్క యజమాని చేతిలో వున్నప్పుడు వాటా అడగడానికి ఆధారం ఏది?

సమ్మె, సభ

2023 జూలై 14న గిల్డ్ సమ్మె ప్రారంభించింది. అప్పటికి అది రేడియో, టెలివిజన్ కళాకారుల సంఘంతో 2012లో విలీనమై, 1,60,000 మంది సభ్యుల సంస్థ అయింది. మే నెలనుంచే రచయితలు సమ్మెలో వున్నారు. నటుల సమ్మె 118 రోజులు నడిచి నవంబరు 9న ముగిసింది. ఇంటర్నెట్ ప్రసారాల మీద విజయాన్ని బట్టి అదనపు చెల్లింపు, కృత్రిమ మేధతో నటుడి రూపాన్నీ గొంతునూ అనుమతి లేకుండా వాడకూడదన్న నియమాలు ముఖ్యమైన ఫలితాలు. ఓటు వేసినవాళ్ళలో 78 శాతం ఒప్పందాన్ని ఆమోదించారు. చాలదని భావించినవాళ్ళు తక్కినవాళ్ళు.

సమ్మె ముగిసిన మూడున్నర నెలలకు, 2024 ఫిబ్రవరి 24న, గిల్డ్ 30వ పురస్కార సభ జరిగింది. దాన్ని ప్రత్యక్షంగా ప్రసారం చేసింది నెట్‌ఫ్లిక్స్. సమ్మెలో అవతలి వైపున వున్న సంస్థల్లో అది ముఖ్యమైనది. ఒప్పందం సమ్మెకు ముందే, 2023 జనవరిలోనే కుదిరింది కనుక సంఘం లొంగిపోయిందని అనడం సరికాదు. కాని ఇందులోని వైరుధ్యాన్ని దాచవలసిన పనీ లేదు. కార్మికులు తమ గౌరవాన్ని తాము ప్రకటించుకునే వేదిక కూడా యజమాని ఇంట్లోనే వుంది. 1936లో ఆస్కార్‌ను బహిష్కరించిన సంఘం 2024లో చేరిన చోటు ఇది.

ఇంతకూ ఈ పురస్కారం విలువ ఏమిటి? వట్టి అలంకారమని కొట్టివేయడం తేలిక. అలా కొట్టివేస్తే, ‘గోల్డెన్ గర్ల్స్’ నలుగురినీ నాలుగు ముక్కలు చేసిన పద్ధతికీ దీనికీ తేడా చూడలేం. సమష్టి కృషికి సమష్టిగా పేరు పెట్టడం ఒక ముందడుగు. పేరు పెట్టిన తర్వాతే దాని కూలి అడగగలం. ‘ఫ్రెండ్స్’ బృందం అడిగింది, గెలిచింది. ‘ఆరెంజ్’ బృందానికి పేరు మూడుసార్లు వచ్చింది, కూలి రాలేదు. ఆ కూలి అడగడానికి లక్షన్నర మంది వీధిలోకి రావలసి వచ్చింది. మొదటిది తారలు తమలో తాము సాధించుకున్న సమానత్వం. రెండోది సంఘం సాధించవలసిన సమానత్వం. బొమ్మ చేతికిచ్చి ఊరుకునే బహుమతికీ, బొమ్మతో పాటు లెక్కల పుస్తకం కూడా తెరవమనే బహుమతికీ తేడా అక్కడే వుంది.

సాహిత్య విద్యార్థులకు ఈ చరిత్రలో మరో పాఠం వుంది. హాస్యాన్ని విమర్శించేటప్పుడు మనం సంభాషణ ఎవరిదని అడుగుతాం, కథానాయకుడు ఎవరని అడుగుతాం. ఆ మాట విన్నవాడు ఎవరు, అతని ముఖంలో ఏం కదిలింది, అతనికి పేరుందా, కూలి ముట్టిందా అని అడగం. ఆ ప్రశ్నలు కూడా విమర్శలో భాగం కావాలి.